మురికి చాలని ఉన్ని

"నేనేమన్న సంబురానికి పూస్తనన్ననా అవ్వా? పెంట పుయ్యకుంటె మిషను రాదు."

"నా గొర్ల బొచ్చు మీద పెంట వడ్డదంటే మిషను గాదు, నీకు బువ్వ గూడ రాదు."

రుక్కమ్మకూ ఆమె కొడుకు మల్లేశ్‌కూ మధ్య ఈ సంభాషణ నడవడం అది మూడో రోజు. మల్లేశ్ చేతిలో పెంటనీళ్ల బకెట్టు ఉంది. రుక్కమ్మ ఉన్ని మూట మీద కూర్చుని ఉంది.

ఉన్ని శుభ్రంగా ఉండటం మనిషికి మేలు చేయవచ్చు గానీ, పథకానికి తీరని కీడు చేస్తుంది. ఈ సత్యాన్ని కనిపెట్టిన ఘనత ముడి ఉన్ని శుద్ధి, నిల్వల మండలిది. (మండలికి తాండూరులో రెండు గదుల కార్యాలయం, ఒక కూలరు, ఒక యాప్ ఉన్నాయి. గొర్రె లేదు.) ముడి ఉన్నిని శాస్త్రీయంగా కడిగి నిల్వ చేసిన కుటుంబానికి ఉన్ని చిక్కు విడదీసి ఏకే మిషను ఇస్తామని మండలి ప్రకటించింది. మల్లేశ్ భార్య నిరోషా వింటితో ఉన్ని ఏకీ ఏకీ, కుడిచెయ్యి పైకెత్తి జడ వేసుకోలేని స్థితికి వచ్చింది. అందుకే అతను ఆశపడ్డాడు. ఆశపడటం నేరం కాదు. దానికి దరఖాస్తు పెట్టడంతోనే కష్టాలు మొదలవుతాయి.

నియమం సులువైనదే. ఉన్నిని కడగకముందు ఒక ఫొటో, బరువు; కడిగాక ఒక ఫొటో, బరువు. బరువు నూటికి నలభై పాళ్లు తగ్గాలి. అంతకన్నా తక్కువ తగ్గితే అది శుద్ధి కాదు, కాలక్షేపం.

రుక్కమ్మ ఇంట్లో తరతరాలుగా ఒక తప్పు జరుగుతోంది. వాళ్లు ఉన్నిని కడగరు, గొర్రెను కడుగుతారు. కత్తెర పెట్టే ముందు మందనంతా వాగులోకి దింపి ఒక్కోదాన్ని రుద్దుతారు. నాపరాతి పరుపు మీద రెండు రోజులు ఆరనిచ్చి, మూడో రోజు కత్తిరిస్తారు. ఈసారి పధ్నాలుగు గొర్రెపిల్లలకు తొలి కత్తెర పడింది. తొలి బొచ్చు గొర్రె బతుకులో ఒక్కసారే వస్తుంది; అంత మెత్తన మళ్లీ రాదు. దాన్ని తన చేత్తో వడికి, ఒక్క గొంగడి నేయించుకోవాలని రుక్కమ్మ కోరిక.

అందులో ఏడు పిల్లల ఉన్నిని తూచి, కడిగి, ఆరబెట్టి, మళ్లీ తూచారు. నూటికి నాలుగు పాళ్లు తగ్గింది. తొమ్మిదో తరగతి చదివే మనవరాలు వర్షిత ఫోన్‌లో వచ్చిన జవాబు చదివింది: "మీ ఉన్నిలో మురికి తగినంత లేదు. దయచేసి మళ్లీ ప్రయత్నించండి."

చెప్పినట్టే ఇంకోసారి కడిగి, ఆ తడి ఉన్ని గంపలో పెట్టుకుని తల్లీకొడుకులు తాండూరు బస్సెక్కారు. మండలి సహాయ శుద్ధి పర్యవేక్షకుడు చంద్రకాంత్ వాళ్లను కూర్చోబెట్టి మరీ విన్నాడు. (కుర్చీ ఒకటే ఉండటంతో మల్లేశ్ నిలబడి విన్నాడు.)

"సారూ, గొర్రెనే కడిగినంక బొచ్చుకు మురికి యాడికెల్లొస్తది?" అంది రుక్కమ్మ.

"చూడమ్మా, గొర్రె మీదున్నంతసేపు అది ఉన్ని గాదు, గొర్రె. గొర్రెను కడిగితె దాన్ని స్నానం అంటరు. ఫారంల స్నానానికి గడి లేదు."

"గడి ఎవలు వెడ్తరు మరి?"

"పైన."

రుక్కమ్మ పైకి చూసింది. ఫ్యాను తిరుగుతోంది.

అయినా చంద్రకాంత్ దయగలవాడు. అప్పీలు పెట్టుకోమన్నాడు. అప్పీలులో ఉన్న ఉన్ని ఇంకా శుభ్రపడే ప్రమాదం ఉంది కాబట్టి, దాన్ని అప్పటికప్పుడే మండలివే ఏడు ప్లాస్టిక్ సంచుల్లో పెట్టి సీలు వేయించాడు. వారంలో తనిఖీ అధికారి ఇంటికే వచ్చి విప్పుతాడు. ఈలోగా సీలు తెంపితే అనర్హత.

"తడి బొచ్చు ప్లాస్టికుల గడ్తరా సారూ? మురుగుతది. నీడకు ఆరాలె, గోనె సంచిల యాపాకేసి పెట్టాలె."

"ఆరినంక కడ్తె నడుమల ఏం జరిగిందో మాకెట్ల తెలుస్తదమ్మా?"

మంచి నియమాలన్నీ ఇలాగే ఉంటాయి. సీలు పడ్డ సంచులను తల్లీకొడుకులు గంపలో ఇంటికి తెచ్చుకున్నారు.

వారం పోయింది. రెండు వారాలు పోయాయి. సంచుల లోపల చెమట పట్టింది. రుక్కమ్మ రోజూ వాటిని పక్క మారుస్తూ, జబ్బుపడ్డవాళ్ల నుదురు చూసినట్టు చేయి వేసి చూసేది. మూడో వారం వర్షిత చేతిలో ఫోన్ మోగింది.

"నానమ్మా, తనిఖీ సారు మనింటికొచ్చి పోయిండంట. మంచిగ మాట్లాడిండా అని అడుగుతున్నరు. ఐదు చుక్కలల్ల ఎన్నియ్యాలె?"

"ఎవలు రాకపాయె గదనే!"

"రాలేదని చెప్పనీకి చుక్క లేదు."

అప్పుడే మల్లేశ్‌కు పెంట ఆలోచన వచ్చింది. ఇంట్లో ఇంకా ఏడు పిల్లల ఉన్ని ఉంది. దానికి పెంట పూసి ఎండబెట్టి తూచి, కడిగి మళ్లీ తూస్తే నలభై పాళ్లేమిటి, అరవై తగ్గుతుంది. శాస్త్రీయంగా చూస్తే ఇందులో లోపం లేదు. మూడు రోజుల వాదన దీని గురించే.

మూడో రోజు వాదన మధ్యలో రుక్కమ్మ లేచి, గొర్రెల కత్తెర తెచ్చి, ఏడు సంచుల సీళ్లూ తెంపింది.

"అవ్వా! మిషను పాయె!" అన్నాడు మల్లేశ్.

ఉన్ని వేడిగా ఉంది. ముక్కు మూసుకోకుండా దాని దగ్గర నిలబడింది రుక్కమ్మ ఒక్కతే. ఒక పాయ తీసి రెండు చేతుల మధ్య లాగింది. తెగింది. రెండో సంచి, మూడో సంచి, ఏడో సంచి. ఒక్క పాయా నిలవలేదు. నిరోషా వచ్చి, లేవని చేత్తోనే అత్త భుజం పట్టుకుంది. మల్లేశ్ బకెట్టు కింద పెట్టి, అడగకుండానే పార తీసుకుని మిరపమడి వైపు వెళ్లి, గుంత తీసి అదంతా పూడ్చాడు.

మిగిలిన ఏడు పిల్లల ఉన్నితో గొంగడి రాదు; మహా అయితే కూర్చోవడానికి ఒక పట్ట వస్తుంది. రుక్కమ్మ దాన్ని విదిలించి, పల్లేరు కాయలు ఏరి, వేపాకు వేసి గోనె సంచిలో పెట్టి దూలానికి వేలాడదీయించింది. తర్వాత కాళ్లూ చేతులూ కడుక్కుని కొడుకునూ కోడలినీ మనవరాలినీ పిలిచింది. గొంతు పెంచలేదు.

"ఇగ ఎవలొచ్చి అడిగినా, మనింట్ల ఉన్నయి గొర్లు గావు, మేకలు."