రెండో చరణం రాకముందే

ఉదయాన్నే రామనారాయణ తంబుర దించి తుడుస్తుంటే భార్య మాలకొండమ్మ తన షరతు మరోసారి వినిపించింది.

"ఈరోజు ఆత్మకూరులో యాభై మందన్నా రాకపోతే ఇంక పాటలొద్దయ్యా. ఆ తంబుర అటకెక్కిస్తా. పోయినసారి పదకొండు మంది వచ్చినారు. అందులో నలుగురు మైకుసెట్టోళ్లే."

రామనారాయణది ఉదయగిరి. పాత యుద్ధకాలంలో వాళ్ల నాయన ఊరూరా పాడి జనాన్ని నవ్వించిన బుర్రకథ పాటలన్నీ ఆయనకు కంఠతా వచ్చు. వినేవాళ్లకే కరువు.

"దిగులొద్దు మామా, ఆటోకి మైకు కట్టి ప్రచారం చేద్దాం. ఒక పాట పాడు," అని కోడలు శిల్ప రికార్డు చేయడానికి ఫోను పట్టుకుంది.

ఆయన దండోరా పాట ఎత్తుకున్నాడు. "యుద్ధమొచ్చింది! పొద్దుగూకితే దీపం పెట్టొద్దు! బియ్యం, ఉప్పు ఇంట్లో దాచుకోండి!" ఇది మొదటి చరణం. నవ్వంతా రెండో చరణంలో ఉంది. శిల్ప అక్కడిదాకా పోనివ్వలేదు.

"పెద్ద పాటైతే ఎవరూ వినరు మామా," అని ఆపేసింది. సభ వివరాలు ఆటో వెనక ఫ్లెక్సీ మీద ఉన్నాయి కదా అనుకుంది.

ఆటో మైకు విని ఆత్మకూరు మొదటి వీధిలో జనం నవ్వారు. రెండో వీధిలో ఒకావిడ ఎందుకైనా మంచిదని పది కిలోల బియ్యం కొంది. ఆవిడను చూసి ఎదురింటావిడ బస్తా కొంది. ఆ బస్తాను చూసి వీధంతా పెంచలప్రసాద్ కొట్టు మీద పడింది. మంగలిషాపులో సగం గడ్డం గీయించుకున్న నరసింహ మిగతా సగం వదిలేసి ఉప్పు కోసం పరిగెత్తాడు. గిరాకీ చూసి మురిసిపోయిన పెంచలప్రసాద్ కాసేపటికి తనూ భయపడ్డాడు. చివరి రెండు బస్తాలు తన ఇంట్లో వేయించి షట్టర్ దించేశాడు. కొట్టు యజమానే దాచుకుంటున్నాడంటే యుద్ధం ఖాయమని అందరూ తేల్చేశారు.

సాయంత్రం ఐదైంది. హాల్లో రామనారాయణ, శిల్ప, ఖాళీ కుర్చీలు. పూలకని వెళ్లిన మాలకొండమ్మ కూడా తిరిగి రాలేదు.

"సర్దేద్దాం శిల్పా," అంటూ ఆయన తంబురకు సంచి తొడుగుతుండగా బయట పెద్ద గోల వినిపించింది. ఆటో డీజిల్ కోసం ఆగినప్పుడు ఎవరో ఫ్లెక్సీ చదివి హాలు జాడ పట్టారు.

"యుద్ధం తెచ్చినోడు ఎవుడ్రా?" సగం గడ్డంతో నరసింహ ముందు దూసుకొచ్చాడు. వెనక మూడు వందల మంది. ప్రతి ఒక్కరి దగ్గరా ఒక మూట.

రామనారాయణ పారిపోయే దారి చూశాడు. ఉన్నది ఒకే వాకిలి, అందులో నరసింహ. చేతనైనది ఒకటే కనుక తంబుర మీటి రెండో చరణం ఎత్తుకున్నాడు. అందులో దీపాల్లేని చీకట్లో ఒకాయన తన ఇల్లే అనుకొని వియ్యపురాలి ఇంట్లో దూరి, అన్నం ఎక్కడే అని గద్దించి, కాళ్లు పట్టమని మంచమెక్కాడు.

ముందు ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత నరసింహ సగం గడ్డం కదిలింది. "ఇది మా బావ సంగతే!" అని ఇంకెవరో అరిచారు. హాలు గొల్లుమంది. కుర్చీలు చాలక జనం బియ్యం బస్తాల మీద కూర్చున్నారు.

"ఇంకోటి పాడు పెద్దాయనా!"

"పొద్దుగూకింది నాయనా, ఇళ్లకు పోయి దీపం పెట్టుకోరా?"

"పెట్టొద్దని నువ్వే చెప్పినావు గదా!"

తొమ్మిది పాటలయ్యాక జనం లేచారు. చివరి వరసలో నెత్తిన మూటతో మాలకొండమ్మ కనిపించింది.

"యాభై దాటినారా?" అన్నాడు రామనారాయణ గర్వంగా.

"దాటినార్లే."

"ఆ మూటేంది?"

"ఉప్పు. ఇంకా మూడు బస్తాలు ఆటోలో ఉండాయి. గొంతు నీదేనని తెలుసు. గవర్నమెంటోళ్లు నీచేత చెప్పించినారనుకున్నా."

"నలభై ఏళ్లుగా వింటున్న పాటే గదా అత్తా!" అంది శిల్ప.

"రెండో చరణం వచ్చేసరికి నాకు నిద్రపడతాదే."

తంబుర అటకెక్కలేదు. అక్కడ ఉప్పుకే చోటు చాలలేదు.