చేతుల్లేని కుర్తా మీద విచారణ

స్త్రీల భద్రతాశాస్త్రం మన కాలంలో అపారంగా అభివృద్ధి చెందింది. ఏ స్త్రీకి ఏం జరిగినా, ఆ పూట ఆమె ఏం వేసుకుందో గంటలో తేల్చేస్తున్నాం. (ఎవరు చేశారో తేల్చే విభాగంలో సిబ్బందిని ఇంకా నియమించలేదు.)

ఈ అభివృద్ధి ఫలాలు ఈమధ్య ఒక ల్యాబ్ టెక్నీషియన్‌కు అందాయి. రోజుకు అరవైమందికి నొప్పి తెలియకుండా రక్తం తీసే మనిషి. మంగళవారం పొద్దున ఆకుపచ్చ కుర్తా వేసుకుని బస్సెక్కింది. కుర్తాకు చేతుల్లేవు. పక్క వరస సీటాయన ఆమెకు తెలియకుండా ఫోటో తీసి, "ఇలా తిరిగితే సమాజం ఏమైపోవాలి?" అని రాసి ఫోన్లో పెట్టాడు.

మధ్యాహ్నానికల్లా పదకొండు వేలమంది సమాజం గురించి దిగులుపడుతూ ఆ ఫోటోను పెద్దది చేసి చూశారు. ఒక బాధ్యత గల పౌరుడు ఆమె పనిచేసే ల్యాబ్ అడ్రసు కూడా కనుక్కుని కింద రాశాడు. సాయంత్రం, ఏ జబ్బూ లేని ముగ్గురు మగవాళ్ళు వచ్చి రక్తపరీక్షకు కూర్చున్నారు. ఆ ఉద్యోగంలో మొదటిసారి ఆమె ఒకే చేతికి రెండుసార్లు సూది గుచ్చాల్సి వచ్చింది.

మర్నాడు తల్లిని వెంటబెట్టుకుని ఫిర్యాదుల కార్యాలయానికి వెళ్ళింది. అక్కడి వస్త్ర పరిశీలనాధికారి మర్యాదస్తుడు. కుర్చీలు వేయించాడు. టేపు తెప్పించాడు.

"మెడ ఎన్ని అంగుళాలు దిగిందమ్మా?"

"ఫోటో తీసినవాడి సంగతి అడగరా సార్?"

"అది ఫారంలో ఆఖరి పేజీ. వరసగా వద్దాం."

తల్లి ఉండబట్టలేక, "ఆ కుర్తా నేనే కుట్టించాను సార్" అంది. అధికారి కలం ఆపాడు. (కుట్టు వెనక కుట్ర.) వెంటనే దర్జీకి కబురు వెళ్ళింది.

"చేతులెందుకు పెట్టలేదు?"

"గుడ్డ చాల్లేదు సార్."

"చాలకపోతే కుట్టడం మానెయ్యాలి."

"మానేస్తే ఆ పిల్ల ఏం వేసుకుంటుంది సార్?"

ఈ జవాబును పొగరు కింద నమోదు చేశారు. ఆఖరి పేజీ చేరేసరికి భోజనాల వేళయింది. అందులో ఉన్నది ఒకే ఒక్క గడి: 'నిందితుడి ముఖం స్పష్టంగా కనబడే ఫోటో జతపరచవలెను. లేనిచో ఫిర్యాదు చెల్లదు.'

శుక్రవారం అదే బస్సులో ఆ ఫోటో తీసినాయన మళ్ళీ కనిపించాడు. ఈసారి ఫోన్ ఒక నర్సు వైపు గురిపెట్టాడు. నర్సు మణికట్టు దాకా యూనిఫాం, ఆ పైన స్వెట్టరు వేసుకుని ఉంది. (సమాజానికి అది కూడా చాల్లేదన్నమాట.) టెక్నీషియన్ లేచి నిలబడి తన ఫోన్ ఎత్తి ఆయన ఫోటో తీసింది. ముఖం, ఫోన్, రెండూ చక్కగా పడ్డాయి.

"ఫోన్ దించండి!" అని గట్టిగా అరిచింది.

బస్సంతా తిరిగి ఆమెనే చూసింది.

ఆ ఫోటోను కార్యాలయానికి పంపింది. నలభై అయిదు పనిదినాల్లో పరిశీలిస్తామని జవాబొచ్చింది. ఆమె ఒక్క నిమిషం ఆలోచించి, జరిగిందంతా రాసి, ఫోటోను అందరికీ కనబడేలా పెట్టేసింది.

ఇరవై నిమిషాల్లో అధికారి స్వయంగా ల్యాబ్‌కు వచ్చాడు. పరిగెత్తుకొచ్చినట్టున్నాడు, ఆయాసపడుతున్నాడు.

"ముందు ఆ ఫోటో తీసెయ్యమ్మా!"

"నాది ఇంకా అలాగే ఉంది కదా సార్?"

"నీది వేరు. పాపం, ఆయనకీ అక్కచెల్లెళ్ళున్నారమ్మా. వాళ్ళు రేపు బయట తలెత్తుకు తిరగొద్దూ?"