నూట యాభై గ్రెయిన్ల వేటగాడు

మీరు నవ్వనంటే చెప్తాను. నవ్వినా చెప్తాను లెండి, ఫొటో ఎలాగూ మీ అందరి ఫోన్లలోకీ వచ్చేసింది. దాని వెనక జరిగింది మాత్రం నా నోటితోనే వినండి. మా ఆవిడ చెప్తే ఇంకో నాలుగు కలుపుతుంది.

అశోక్‌నగర్‌లో మేం కిరాయికి ఉంటున్న ఇల్లు మీకు తెలుసు. పన్నెండేళ్లయింది. నారాయణగూడలో నా ఆఫీసుకు నడిచి పోవచ్చు. మా ఆవిడ విద్యావతి పనిచేసే కోచింగ్ సెంటర్ సందు చివరే ఉంది. ఓనరు కాశీవిశ్వనాథంగారు ఆదిలాబాద్‌లో ఉంటారు. ఏదో సర్కారు కొలువు చేసి రిటైరయ్యారని మాత్రమే నాకు తెలుసు. నేను నెలనెలా కిరాయి పంపుతాను, మా ఆవిడ వారానికోసారి ఓనరమ్మ యశోదమ్మతో గంటసేపు ఫోన్లో మాట్లాడుతుంది. మా ఇద్దరి మధ్య పని అలా పంచుకున్నాం.

ఈ మధ్య మా ఆఫీసు పోచయ్య ఒక కబురు మోసుకొచ్చాడు. అతన్ని మేం పరేషాన్ పోచయ్య అంటాం. ఫ్యాన్ తిరిగితే మీద పడుతుందేమోనని, ఆగితే కాలిపోయిందేమోనని భయపడే మనిషి.

"రమాకాంతన్నా, మీ సందుల ఇప్పటికే నాలుగిండ్లు హాస్టళ్లయినయి. మీ ఓనర్ ఆదివారం వస్తుండంట గద. ఎందుకొస్తుండనుకున్నవ్? మీతోని ఖాళీ చేపిచ్చి, మీది గూడ హాస్టల్ చేస్తడు."

ఆ ఇల్లు వదిలితే మళ్లీ అలాంటిది దొరకదు. ఎలాగైనా ఓనరును మంచి చేసుకోవాలి. అందుకు ఆయన ఇష్టమేమిటో తెలియాలి కదా, అప్పుడు నాకు ఎప్పుడో చూసిన ఒక పాత ఫొటో గుర్తొచ్చింది.

మేడమీద ఓనరు సామాన్లున్న గది ఒకటుంది. తాళంచెవి మా దగ్గరే ఉంటుంది. వానాకాలంలో ఆ గది కురుస్తుందా అని చూడ్డానికి వెళ్లినప్పుడు గోడమీద చూశాను. కాశీవిశ్వనాథంగారు మీసాలు మెలేసి, చేతిలో రైఫిల్ పట్టుకుని నిలబడ్డారు. కాళ్ల దగ్గర పెద్ద దుప్పి పడి ఉంది. పక్కన ఇద్దరు తలలు వంచుకుని గొంతుకూర్చున్నారు. పాపం, దాన్ని మోసుకొచ్చి అలసిపోయినట్టున్నారు.

అంటే ఆయన వేటగాడు. నేనూ వేటగాణ్నయితే ఇద్దరం ఒక జట్టు. ఒక వేటగాడు ఇంకో వేటగాణ్ని ఇంట్లోంచి వెళ్లగొడతాడా?

"విద్యా, ఆదివారం సార్‌ను భోజనానికి పిలువు. నేను వేట ముచ్చట్లు పెడత."

"మీరా? బాత్రూంల బొద్దింకుంటె నన్ను లేపుతరు. అసలు సార్ ఏం కొలువు చేసిండో తెలుసా..."

"కొలువు ముచ్చట నాకొద్దు. మనిషి లోపలి ముచ్చట కావాలె."

"అది గాదండి, జర వినున్రి..."

"నువ్వు పప్పు సంగతి చూడు."

ఆమె నావంక ఒకసారి అదోలా చూసి, సరేనంది. ఇరవై ఏళ్ల సంసారంలో అంత తొందరగా ఆమె సరే అన్నది అదే మొదటిసారి. నేను అక్కడే అనుమానించాల్సింది.

మర్నాటి నుంచి ఆఫీసుకు సెలవు పెట్టి చిక్కడపల్లి లైబ్రరీలో కూర్చున్నాను. చుట్టూ గ్రూప్ పరీక్షల వాళ్లు, మధ్యలో నేను. పక్కన గడ్డం పెంచినతను నా నోట్సులోకి తొంగిచూశాడు. "అన్నా, ఏ నోటిఫికేషన్‌కు చదువుతున్నవ్?" అన్నాడు. "దుప్పి" అన్నాను. "ఎన్ని పోస్టులున్నయన్నా?" అని అడిగి ఆ పేరు రాసుకున్నాడు.

మూడు రోజుల్లో చాలా తెలుసుకున్నాను. తూటా బరువు గ్రెయిన్లలో చెప్తారట. దుప్పికి నూట యాభై నుంచి నూట ఎనభై దాకా వాడేవారట. తేలిక తూటాకు వేగం ఎక్కువ, బరువు తూటా లోతుకు దిగుతుంది. మూతి మెత్తగా ఉన్నది తగలగానే విచ్చుకుంటుంది. నిండా తొడుగున్నది ఇటునుంచి అటు దూసుకుపోతుంది, జంతువు గాయంతో పారిపోతుంది. అన్నీ రాసుకున్నాను కానీ ఒక్కటీ గుర్తుండలేదు.

మా ఆవిడ ఉద్యోగం బిట్లు రాయడం. ఒక ప్రశ్న, కింద నాలుగు జవాబులు. ఆ అలవాటు ఇంట్లోకీ వచ్చేసింది. కూర ఏమిటంటే "ఎ) బెండకాయ, బి) దొండకాయ, సి) పై రెండూ, డి) నిన్నటి పప్పు" అంటుంది. మనం ఏది చెప్పినా వచ్చేది డీ యే.

"నాకు గూడ బిట్లు రాసియ్యి" అన్నాను.

నా నోట్సు తీసుకుని యాభై బిట్లు రాసింది. రాస్తూ రాస్తూ ఆగింది.

"నూట ఎనభై గ్రెయిన్లంటె ఎంతో తెలుసా? సరిగ్గ పాత తులం."

"అయితే?"

"ఏం లేదు. ఉట్టిగ పోయే దుప్పికి తులం పెడుతున్నరు. పెండ్లైనకాడికెల్లి నాకు అరతులం పెట్టలె."

నేను మూడో బిట్టులోకి తల దూర్చాను.

శనివారం సాయంత్రం మాక్ టెస్ట్ పెట్టింది. యాభైకి నలభై ఎనిమిది వచ్చాయి. ఎనిమిదోది బి, పన్నెండోది సి, పదిహేడోది ఎ. అన్నీ నాలుక చివర ఉన్నాయి. వంటింట్లోకి వెళ్తూ మళ్లీ అంది.

"ఇప్పటికైనా చెప్తున్న, సార్ ఏం కొలువు..."

"పరీక్ష ముందు కొత్తయి చెప్పొద్దు విద్యా" అన్నాను.

ఆదివారం కాశీవిశ్వనాథంగారు వచ్చారు. మీసాలు తెల్లబడ్డాయి కానీ మెలిక పోలేదు. మామిడికాయ పప్పు రెండో ముద్ద కలుపుతుండగా నేను గొంతు సవరించుకున్నాను.

"సార్, పైన మీ ఫొటో చూసిన. ఏం దుప్పి సార్ అది."

ఆయన చెయ్యి ఆగింది. "నీకు షికారంటె ఇష్టమా?"

"ప్రాణం సార్."

"ఎన్ని కొట్టినవ్?"

"నాలుగు. చిన్నయి లెక్కపెట్టలె."

"అట్లనా. ఏ రకం తూటా వాడుతవు?"

నాకు తెలుసు. ఎనిమిదో బిట్టు. జవాబు బి.

"బి సార్."

"బి ఏంది?"

బి అంటే ఏమిటో గుర్తుకు రాలేదు. అక్షరం మాత్రమే కళ్లముందు కనిపిస్తోంది.

"సార్, జర ఆప్షన్లు చెప్పున్రి."

వంటింటి గుమ్మంలో మా ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అందుకుంది. "ఎ) నిండా తొడుగున్నది, బి) మూతి మెత్తనిది, సి) రబ్బరుది, డి) పైవేవీ కావు."

"మూతి మెత్తనిది సార్" అన్నాను బతికి బయటపడ్డట్టు.

"బరువు?"

"సి సార్... అంటే... తులం."

ఆయన చెయ్యి కడుక్కుని, జేబులోంచి నోట్‌బుక్కు, పెన్ను తీశారు. ఇద్దరం కలిసి వేటకు పోయే ఏర్పాటు చేస్తున్నారని నేను సంబరపడిపోయాను. ఏ అడవి అన్నారు, చెప్పాను. ఏ సంవత్సరమన్నారు, పోయినేడు అన్నాను. తుపాకి ఎవరిదన్నారు, మా తాతదన్నాను. మా తాత సుల్తాన్ బజార్‌లో గాజులు అమ్మేవాడు. కింద సంతకం పెట్టమన్నారు, రెండు పెట్టాను.

ఆయన పుస్తకం మూసి, మీసం సర్దుకున్నారు.

"రమాకాంతూ, నేను ముప్పై రెండేండ్లు ఫారెస్ట్ రేంజ్ ఆఫీసర్‌గ చేసిన. ఆ రైఫిల్ నాది గాదు. పట్టుకున్నది. దుప్పి గూడ సాక్ష్యంకింద పెట్టిందే."

"మరి... కింద కూసున్న ఆ ఇద్దరు?"

"కొట్టినోళ్లు. మూడేండ్లు లోపలున్నరు. నువ్వు నాలుగన్నవు గద, చిన్నయి విడిగ."

నా కంచం నాకే రెండు కంచాల్లా కనిపించింది. కుర్చీలోంచి జారి కింద కూలబడ్డాను. తల దానంతటదే వంగిపోయింది.

"సార్, నేను దుప్పిని జూపార్కులనే చూసిన. అది గూడ మా ఆవిడ చెయ్యి పట్టుకొని చూసిన. మీరు ఇల్లు ఖాళీ చేపిస్తరేమోనని భయపడి ఇదంత చేసిన సార్."

ఆయన ఎంత ఆపుకున్నా ఆగలేదు. కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వారు. "చాలు బిడ్డా, ఇగ నాతోని గాదు" అన్నారు మా ఆవిడతో.

అప్పుడు తెలిసింది. నేను లైబ్రరీలో కూర్చున్న మొదటిరోజే ఆమె యశోదమ్మకు ఫోన్ చేసి అంతా చెప్పేసింది. ఇల్లు హాస్టల్‌కు ఇచ్చే ఆలోచన వాళ్లకు ఎప్పుడూ లేదట. ఇంకో ఐదేళ్లకు అగ్రిమెంటు రాసి, ఆయన సంచిలోనే తెచ్చారు. దాంట్లో కిరాయిదారు పేరు విద్యావతి.

"మరి నాకెందుకు చెప్పలే?" అన్నాను నేలమీద నుంచే.

"మూడుసార్లు మొదలువెట్టిన. చెప్పనిచ్చిన్రా? పరీక్ష ముందు కొత్తయి చెప్పొద్దన్నరు గద."

లేవబోయాను. "అట్లనే ఉండున్రి" అంది. చీపురు తెచ్చి రైఫిల్ పట్టినట్టు సార్ చేతికిచ్చింది. ఆయన మీసం మెలేసి నా పక్కన నిలబడ్డారు. పొద్దున బాత్రూంలో ఆమే కొట్టిన బొద్దింకను కాగితంలో తెచ్చి ఆయన కాళ్ల దగ్గర పెట్టింది. నేను తల వంచుకుని గొంతుకూర్చునే ఉన్నాను. ఆమె ఫోన్ ఎత్తింది.

మీ అందరి ఫోన్లలోకి వచ్చిన ఫొటో అదే. పెద్ద సైజులో అచ్చువేయించి మేడమీద పాతదాని పక్కనే తగిలించారు. ఇప్పుడు ఆ గది కురుస్తుందా అని చూడ్డానికి మా ఆవిడే వెళ్తోంది, ఎండాకాలంలో కూడా.