స్నానం ముగించని వాళ్లు

ఎండలకూ కొబ్బరిచెట్లకూ కొదవలేని మన దేశంలో, జనం ఎగబడి వచ్చే సముద్రతీరాలు పదకొండు. ఆ పదకొండింటిలోనూ గత ఆరేళ్లలో ఒక్క ప్రాణి కూడా మునిగి చావలేదు. ఈత రానివాళ్లతో సహా, తాగి దిగినవాళ్లతో సహా, అలకు వీపు పెట్టి ఫొటో దిగినవాళ్లతో సహా. ఇంత బుద్ధిగా నడుచుకున్న సముద్రం భూమ్మీద మరొకటి లేదని తీరానందాభివృద్ధి మండలి తన వార్షిక నివేదికలో వినయంగా రాసుకుంది. (ప్రమాద సూచికగా ఎగరేసే ఎర్రజెండా ఇప్పుడు లేత గులాబీ రంగులో ఉంది. ఫొటోల్లో ఎరుపు నప్పడం లేదని సందర్శకులు ఫిర్యాదు చేశారట.)

ఈ ఘనతంతా ఒక రిజిస్టరుది. తీరం గేటు దగ్గర ప్రతి మనిషీ రెండు సంతకాలు చేయాలి. వెళ్లేటప్పుడు 'లోపలికి' అన్న గడిలో, వచ్చేటప్పుడు 'బయటికి' అన్న గడిలో. రెండో సంతకం పెట్టనివాడు లోపలే ఉన్నట్టు లెక్క. లోపల ఉన్నవాడు స్నానం చేస్తున్నట్టు లెక్క. స్నానం చేస్తున్న మనిషిని పట్టుకుని చచ్చిపోయాడని రాయడానికి మండలి ఉద్యోగులకు మనసొప్పదు.

పైగా, స్నానం ముగించని వాళ్ల ఇళ్లకు రోజూ సాయంత్రం ఆరింటికి మండలి మెసేజీ కూడా పంపుతుంది. "మీ కుటుంబ సభ్యులు మా తీరంలో ఆనందంగా గడుపుతున్నారు. నిశ్చింతగా ఉండండి." పక్కన నవ్వుతున్న సూర్యుడి బొమ్మ ఉంటుంది.

నేను ఆ మండలి ఆఫీసుకు వెళ్లింది నా చెప్పుల కోసం. ఇసుకలో విడిచి, కాళ్లు తడుపుకుని వచ్చేసరికి వాటిని అల పట్టుకుపోయింది. పోయినవాటికి అక్కడో కౌంటరుంది. జేబులో మూడు రంగుల పెన్నులు పెట్టుకున్న గుమస్తా నా గోడు ఓపిగ్గా విని, పది నిమిషాల్లో ధ్రువపత్రం రాసిచ్చాడు. 'పై చెప్పులు సముద్రంలో కొట్టుకుపోయినట్టు, ఇక తిరిగివచ్చే ఆశ లేనట్టు నిర్ధారించడమైనది.' కింద గుండ్రటి ముద్ర వేసి, తన వంతుగా విచారం కూడా వెలిబుచ్చాడు.

నా వెనక నిలబడ్డ ఆమె ఆ కాగితాన్ని తొంగిచూసింది. బళ్లో లెక్కల టీచరని తర్వాత తెలిసింది.

"నాకూ ఇలాంటిదే కావాలి సార్."

"చెప్పులేనా?"

"కాదు సార్, తమ్ముడు."

గుమస్తా పెన్ను మార్చాడు. (ఎరుపు చెప్పులకు, నీలం మనుషులకు. ఆకుపచ్చ దేనికో అతనికే గుర్తులేదు.) రిజిస్టరు తిరగేసి, పేరు మీద వేలు పెట్టి, ముఖం వికసించగా చెప్పాడు.

"ఆయన లోపలే ఉన్నారమ్మా. పంతొమ్మిది రోజులైంది."

"లోపల లేడు సార్. అలలో పోయాడు. మీ లైఫ్‌గార్డే చూశాడు. ఈలేసి ఉరికాడంట, చెయ్యి అందలేదంట. పిలిచి అడగండి."

"అతని డ్యూటీ ఈల వేయడమమ్మా. సాక్ష్యం చెప్పడం అతని డ్యూటీలో లేదు."

ఆమె గొంతు తగ్గించి చెప్పింది.

"కాగితం లేకపోతే పోనీయండి. ఆ మెసేజీ ఒక్కటి ఆపండి సార్. మా అమ్మ దాన్ని నమ్ముతోంది. ఆరు కొట్టేసరికి ఫోను ఒళ్లో పెట్టుకుని కూర్చుంటుంది. వాడు లేడే అమ్మా అని నేను చెబితే, ఆఫీసువాళ్లకంటే నీకెక్కువ తెలుసా అని నన్నే తిడుతోంది. ఆవిడ్ని ఒక్కసారి ఏడవనివ్వండి సార్."

ఇది తన స్థాయి వ్యవహారం కాదని గుమస్తా ఆమెను స్నానాల పర్యవేక్షణాధికారి గదికి పంపాడు. చెప్పుల పని అయిపోయినా ఇంటికి పోబుద్ధి కాక నేనూ వెంట వెళ్లాను. అధికారి వెనక గోడకు 'సందర్శకులు అత్యధిక సమయం గడిపే తీరం' అన్న పురస్కారం వేలాడుతోంది.

"మూడేళ్ల కిందట ఒక్కో సందర్శకుడు ఇక్కడ సగటున మూడు గంటలు గడిపేవాడు. ఇప్పుడు పదకొండు!" అన్నాడాయన పొంగిపోతూ. "మీ తమ్ముడి లాంటివాళ్లు ఇంకో నలభై మంది ఉన్నారమ్మా. సగటంతా వాళ్ల చలవే."

లెక్కల టీచరు కాబట్టి ఆమెకు విడమరిచి చెప్పనక్కర్లేకపోయింది. నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది.

"నా చెప్పులు పోయాయని పది నిమిషాల్లో రాసిచ్చారే! మనిషి పోయాడని రాయడానికేం రోగం?"

"చెప్పులు సంతకం పెట్టి లోపలికి రాలేదు కదండీ," అన్నాడు నిమ్మకు నీరెత్తినట్టు.

ఆ తర్వాత ఆయనే పెద్దమనసు చేసుకుని దారి చూపించాడు. 'బయటికి' గడిలో సంతకం పడితే మెసేజీ దానంతటదే ఆగుతుంది. నిబంధన పదిహేడు ప్రకారం, సందర్శకుడి చేతులు తడిగా ఉంటే అతని బదులు తోబుట్టువులు పెట్టవచ్చు.

"పెడితే ఏమని అర్థం సార్?"

"ఆయన బయటికి వచ్చినట్టు."

"రాలేదు కదా."

"మెసేజీ ఆగాలా వద్దా అమ్మా?"

ఆమె పెన్ను పట్టుకుని చాలాసేపు ఆ గడి వైపే చూసింది. తప్పు లెక్కకు ఏనాడూ అర మార్కు కూడా వేసి ఉండని మనిషి. చివరికి సంతకం పెట్టింది. అధికారి లేచి నిలబడి మరీ అభినందించాడు. విజయవంతంగా ముగిసిన స్నానాల్లో పంతొమ్మిది రోజులది ఇదే మొదటిదట.

మేం మెట్లు దిగుతుండగానే ఆమె ఫోను మోగింది. తల్లి ఎంత గట్టిగా మాట్లాడిందంటే పక్కనున్న నాకూ వినిపించింది.

"ఒసేయ్, తమ్ముడు బయల్దేరాడటే! ఇప్పుడే మెసేజీ వచ్చింది. స్నానం ముగించుకుని క్షేమంగా బయల్దేరారు, త్వరలో ఇల్లు చేరతారు అని రాశారు. నేను చెబితే విన్నావా? ఎక్కడున్నా త్వరగా రా, వాడు ఆకలి మీద వస్తాడు. ఎసరు పెట్టేశాను."

ఆమె వెనక్కి తిరిగి మెట్లెక్కి కౌంటరు దగ్గరికి పరిగెత్తింది. గుమస్తా అప్పుడే షట్టరు దించుతున్నాడు.

"ఆ సంతకం కొట్టేయండి సార్! మా అమ్మ వాడి కోసం ఎసరు పెట్టి కూర్చుంది!"

"గేటు దాటిన మనిషి మా పరిధిలోకి రాడమ్మా," అన్నాడతను తాళం వేస్తూ. "ఇల్లు చేరకపోతే రోడ్ల శాఖలో అడగండి."

ఆ రోజు రికార్డు ప్రకారం ఆ తీరంలో పోయినవి ఒక జత చెప్పులు మాత్రమే.