ఫోనుకు ధర్మదర్శనం

ఆ ఉదయం నీలకంఠం పెట్టుకున్న పని ఒక్కటే. పోర్టు దగ్గరి సరుకు రవాణా ఆఫీసులో రౌటరును సరిచేసి, హైదరాబాదు ఫోన్లలో మాటలు ముక్కలు కాకుండా చూడటం. పదకొండింటికి యజమాని ఫోను చేస్తాడు. మాట స్పష్టంగా వినిపిస్తే నీలకంఠం కాంట్రాక్టు మరో ఏడాది సాగుతుంది. లేకపోతే యాభై ఎనిమిదో ఏట కొత్త ఉద్యోగం వెతుక్కోవాలి.

పని తొమ్మిదిన్నరకే ముగిసింది. అతను చేసిన పొరపాటల్లా దాన్ని అందరికీ అర్థమయ్యేలా వివరించడం.

"సింహాచలం క్యూ అనుకోండి. ఫోను మాటకు వీఐపీ లైను, మిగతావాటికి ధర్మదర్శనం. అయితే వీఐపీ లైను ఇరుకు. నిండిందంటే, పట్టనివాళ్లను బయటికి గెంటేస్తుంది."

'వీఐపీ' తర్వాతి మాటలు ఎవరి చెవికీ ఎక్కలేదు.

"నా కెమెరాలేటి పాపం సేసినాయి బావా? ఆటినీ అందులో ఎట్టీ," అన్నాడు సెక్యూరిటీ ఎల్లారావు.

"గేటు కెమెరాకిచ్చి నా బిల్లులకి లేదంతావేటి తమ్ముడూ?" అంది బిల్లుల సెక్షను సన్యాసమ్మ.

మేనేజరు గురునాథరావు ఎవరినీ కాదనలేని మనిషి. అడిగినవారికల్లా సిఫారసు చీటీ రాసిచ్చాడు. చివరి చీటీ తనదే. తన కంప్యూటరులో నడిచే సింహాచలం ప్రత్యక్ష ప్రసారానికి.

"దేవుడికి ఒక నిమిషం ఆలస్యమైతే నష్టమేమిటి సార్?"

"స్వామిని ధర్మదర్శనం లైన్లో నిలబెడతావేటయ్యా?"

నలభై ఏళ్లుగా ఇలాంటి వాదనలు చేస్తూ వచ్చిన హేతువాది నీలకంఠం, నలభై ఒకటో ఏట ఓపిక లేక ఆ చీటీనీ అమలుచేశాడు.

పదకొండింటికి యజమాని గొంతు "గు... నా... వి..." అంటూ వచ్చింది. గురునాథరావు ఫోనుకు చెయ్యి అడ్డంపెట్టి నీలకంఠం వైపు తిరిగాడు.

"ఏటి సేసేవయ్యా!"

నీలకంఠం తెర చూశాడు. కిక్కిరిసిన వీఐపీ లైను మాటలను బయటికి గెంటేస్తోంది. ధర్మదర్శనం వరుసలో ఈగ కూడా లేదు. ఒక్క చీటీ రద్దుచేయాలన్నా గంట పంచాయితీ. చీటీ లేనిది ఆఫీసు మొత్తంలో ఫోను ఒక్కటే. దాన్నే తీసి సామాన్యుల వరుసలో పెట్టాడు.

"గురునాథరావు గారూ, పక్కన కూర్చుని మాట్లాడుతున్నట్టుందండీ! ఏం చేశారు?" అన్నాడు యజమాని.

"అంతా సింహాద్రి అప్పన్న దయ సార్."

కాంట్రాక్టు పొడిగింపు సాయంత్రానికి వచ్చింది. ఫోను ఏ దారిన వెళ్లిందో ఆఫీసంతా తెలియడానికి అంత సమయం కూడా పట్టలేదు. మర్నాడు నీలకంఠం బల్ల మీద పదకొండు కొత్త సిఫారసు చీటీలున్నాయి, అన్నీ ధర్మదర్శనానికే.