తాస్‌బులాక్‌లో వియ్యంకుడి కోసం

కాబోయే వియ్యంకుడు తోలెగెన్ తొలిసారి ఇంటికొస్తున్నాడు. ఉదయాన్నే కుల్యాష్ గుర్రం మాంసం పొయ్యి మీద పెట్టి, పిండి కలుపుతోంది. తాస్‌బులాక్‌లో ఇళ్లన్నీ ఒకేలా ఉంటాయి. అందుకే ఆమె భర్త ఒరిన్‌బాసర్ వియ్యంకుడికి ఫోన్ చేశాడు.

"జోల్ పక్కన నిలబడండి బావగారూ. నేనొచ్చి తీసుకెళ్తా."

వాళ్ల భాషలో జోల్ అంటే దారి. ఒరిన్‌బాసర్ రైల్వే గ్యాంగ్‌మన్ కాబట్టి అతని మనసులో ఉన్నది రైలు పట్టా. తోలెగెన్ పందెపు గుర్రాలకు శిక్షణ ఇస్తాడు, అతనికి జోల్ అంటే గుర్రాలు పరుగెత్తే దారే. అతను కుటుంబంతో సహా నేరుగా ఊరవతలి పందెపు మైదానానికి వెళ్లాడు.

"వచ్చారా?" పట్టా పక్కన నిలబడి ఒరిన్‌బాసర్ మళ్లీ ఫోన్ చేశాడు.

"ఎప్పుడో వచ్చాం. దుమ్ముతో చచ్చిపోతున్నాం. మీరేరీ?"

"ఇక్కడే ఉన్నా. తెల్లటోపీ పెట్టుకున్నా, చూడండి!"

"ఇక్కడందరివీ తెల్లటోపీలే కదయ్యా!"

ఒరిన్‌బాసర్ చుట్టూ చూశాడు. కనుచూపు మేరలో ఒక్క మేక తప్ప ప్రాణి లేదు. పెళ్లి కాకముందే ఇంత వెటకారమా అని మనసు చివుక్కుమంది. అయినా కూతురి సంబంధం. కోపం దిగమింగి, వియ్యపురాలికని కొన్న ఎర్రశాలువా సంచిలోంచి తీశాడు.

"ఇదిగో, ఎర్రగుడ్డ ఊపుతున్నా! ఇప్పుడైనా కనబడ్డానా?"

కనబడ్డాడు, వెనక నుంచి వస్తున్న గూడ్సు డ్రైవరుకి. చెవులు చిల్లులు పడేలా కూత, బ్రేకుల కీచు. ఉలిక్కిపడిన ఒరిన్‌బాసర్ చేతిలోని ఫోన్ కంకరలో పడి నోరు మూసుకుంది.

అవతల ఫోన్‌లో ఆ కూత విన్న తోలెగెన్‌కి అప్పుడు తెలిసింది, ఆయన చెప్పింది ఏ జోలో. "అయ్యో, రైలు పట్టా పక్కన! మనిషి పోయాడే!" అంటూ కారు పట్టాల వెంబడి పరుగెత్తించాడు.

వాళ్లు వచ్చేసరికి రైలు ఆగి ఉంది. దాని పక్కన ఒక మనిషి నిలబడి తిట్లు తింటున్నాడు.

"పట్టా ఎక్కడ విరిగిందయ్యా?" అని డ్రైవరు.

"ఎక్కడా విరగలేదు. మా బావగారికి..."

మాట పూర్తికాలేదు. తోలెగెన్ వచ్చి అతన్ని గట్టిగా వాటేసుకుని, పసివాడిలా ఏడ్చేశాడు. "బతికున్నావా బావా!" అతని భార్య ఆ ఎర్రశాలువాలోనే ముఖం దాచుకుని వెక్కివెక్కి ఏడ్చింది. పొద్దున్నుంచీ కట్నకానుకల మాట ఎలా ఎత్తాలా అని సతమతమైన రెండు కుటుంబాలూ, ఆ మాటే మరిచి భోజనానికి కూర్చున్నాయి.

రైలెందుకు ఆగిందని కంట్రోల్ రూమ్ నిలదీస్తే, "లైను మీద చుట్టరికం అడ్డొచ్చింది సార్" అన్నాడట డ్రైవరు.