జంగమ్మత్త దవడకు స్కానింగ్

నోరు తెరిపించి, టార్చిలైటు వేసి, పన్ను మీద టకటకా కొట్టి చూసే వైద్యం వట్టి మొరటు వైద్యమని ఈ కాలమ్ ముఖంగా ప్రకటిస్తున్నాను. కాదనేవాళ్లతో వాదనకు నేను సిద్ధం!

ఇప్పుడు చిగుళ్లకూ దవడ ఎముకకూ కూడా అల్ట్రాసౌండ్ స్కానింగ్ వచ్చేసింది. చెంప మీద చల్లటి జెల్ పూసి, చేతిలో పట్టే పరికరాన్ని అటూ ఇటూ జరిపితే చాలు. చిగుళ్లు ఎంత వాచాయి, కింద ఎముక ఎంత అరిగింది, చీము ఎక్కడ చేరింది, అన్నీ తెర మీదే! ఎక్స్‌రే భయం లేదు. పేషంటు నోరు విప్పనక్కర్లేదు. నోరు విప్పని పేషంటు కంటే ఏ దవాఖానకైనా కావలసిందేముంది?

విన్నమాట కాదు, కళ్లారా చూశాను. హాలియా దగ్గరి పల్లెలో ఉండే మా మేనత్త జంగమ్మకు అరవై ఆరేళ్లు. దవడ పన్ను కింద చీము పట్టి ఎడమ చెంప బూరెలా పొంగింది. పదకొండు రోజులుగా జొన్నరొట్టె ముట్టకుండా గంజి తాగి బతుకుతోంది. ఆమెను బండి మీద కూర్చోబెట్టుకుని, పేరు చెప్పను గానీ, ఒక పెద్ద దవాఖానకు తీసుకెళ్లాను.

అక్కడ సుహాసిని అనే ఉద్యోగిని ఒక ఫారం తీసింది. అది గర్భిణుల స్కానింగ్‌కు అచ్చేసిన ఫారం. ఆడపిల్లలను కాపాడే చట్టం కోసం పుట్టిన ఫారం కాబట్టి దాన్ని వెక్కిరించను. కానీ ఆ దవాఖానలో స్కానింగ్‌కు ఉన్నది అదొక్కటే. కడుపైనా చెంపైనా మిషన్ మిషనే కదా!

"ఎంతమంది పిల్లలమ్మా?" అని అడిగింది సుహాసిని.

"ముగ్గురు బిడ్డా. పెద్దోడు కడుపుల ఉన్నప్పుడే చిగుళ్లు ఉబ్బి నెత్తురు కారింది. రెండో కాన్పుకు కుడి దిక్కు దవుడ పన్ను కదిలింది. మూడో కాన్పుకు ఊడింది. రాసుకో."

"గవన్నీ వద్దమ్మా. మొగోళ్లెందరు, ఆడోళ్లెందరు, గంతే చెప్పు."

"గిన్నేండ్లల్ల నా పండ్ల సంగతి అడిగిన కాగితం గిదొక్కటే. చెప్పనియ్యి తల్లీ!"

నాకు నవ్వొచ్చింది. ఆ వెంటనే సిగ్గేసింది. ఆమె చేతి రొట్టెలు తిని పెరిగినవాణ్ని, ఆమె పళ్ల గురించి నేనూ ఏనాడూ అడగలేదు.

లోపల ఉన్నది ఆడో మగో తెలుసుకోవాలని కోరనని హామీ ఇస్తూ, మా అత్త తన పన్ను తరఫున వేలిముద్ర వేసింది. చట్టం ముందు పన్నైనా ఒకటే, పసిబిడ్డైనా ఒకటే. ఇంతకన్నా సమానత్వం ఏ దేశంలో ఉంది?

తర్వాత ఆమెను వెనక్కి వాలే మెత్తటి కుర్చీలో పడుకోబెట్టారు. పక్కన ఉమ్మడానికి ఒక గిన్నె, తలపైన ఒక పెద్ద లైటు. ఆ లైటు కొక్కేనికి ఎవరిదో టిఫిన్ సంచి వేలాడుతోంది. పది నిమిషాల్లో స్కానింగ్ పూర్తయింది. రిపోర్టు ఇంగ్లీషులో నాలుగు పేజీలు వచ్చింది. ఫొటోలు రంగుల్లో లేవన్న లోటు తప్ప మరే లోటూ లేదు!

"పన్ను కింద చీము గడ్డ కట్టింది. పన్ను తీసి, చీము కడగాలె. గీ రిపోర్టు తీస్కపోయి పండ్ల డాక్టరుకు సూపియ్యుండ్రి," అంది సుహాసిని.

"ఏ గదిల ఉంటడు?" అని అడిగాను.

"గిదే సార్ ఆయన గది. గా కుర్సీ గూడ ఆయనదే. పోయినేడు బదిలీ మీద పోయిండు, మల్ల ఎవ్వలు రాలే. జాగా ఖాళీగుందని గా మిషన్ గీడ పెట్టిన్రు."

మా అత్త ఆ కుర్చీలోంచి లేవలేదు. పొంగిన చెంపను అరచేత్తో పట్టుకుని, మిషన్ వైపు వేలు చూపించింది.

"బిడ్డా, గా మిషన్ జర నా చెంప మీదికెల్లి తీసి, గీ గదంత తిప్పుండ్రి. డాక్టరు యాడ దాక్కున్నడో కనవడ్తడేమో."